ముందంటే ఎటు

పన్నెండో నంబరు బస్సు డీజిలు తాగదనీ, దాని డ్రైవరే తాగుతాడనీ డిపోలో అందరికీ తెలుసు. తెలుసు అనడం కంటే, తెలియదన్నవారు ఎవరూ లేరనడం సబబు. టికెట్ల గదిలో చెప్పుకున్నారు, టైర్ల షెడ్డులో చెప్పుకున్నారు, మంచినీళ్ల కుళాయి దగ్గర చెప్పుకున్నారు. చెప్పుకున్న ప్రతిచోటా ఒక కొత్త వివరం చేరింది. ఊరవతల రాళ్ల మిల్లు వెనక బస్సు కాసేపు ఆగుతుందట. అక్కడ రబ్బరు గొట్టంతో ఎవరో సిద్ధంగా ఉంటారట. గొట్టం రంగు ఆకుపచ్చ అని కూడా ఒకరన్నారు. చూసినవారెవరని అడిగితే, చూసినవారిని ఎరిగినవారు చాలామంది ఉన్నారు.

ఆ డ్రైవరుకు 'హారను' అని పేరు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి హారను మోగించకుండా బండి నడిపే మనిషి కనుక, ఎగతాళికి పెట్టిన పేరు. దారికడ్డంగా పడుకున్న కుక్క తనంతట తాను లేచి, ఒళ్లు విరుచుకుని వెళ్లేదాకా ఆగుతాడు. అంత నెమ్మదస్తుడు ఇలాంటి పని చేస్తాడా అని మొదట్లో ఒకరిద్దరు అన్నారు. ఇలాంటి పనులు నెమ్మదస్తులే చేస్తారని తక్కినవారు జవాబిచ్చారు. ఆ జవాబుకు ఎదురు లేకపోయింది.

నిజానికి అనుమానానికి కారణం లేకపోలేదు. అదే దారిలో, అదే రకం బస్సులు తిరుగుతున్నాయి. సాయంత్రం ట్యాంకు నింపేటప్పుడు మాత్రం ఈ బస్సుకు తక్కినవాటికంటే బకెట్టెడు డీజిలు ఎక్కువ పడుతోంది. గొట్టాలు కారడం లేదు. మేస్త్రీ గేజి పెట్టి ఆరు సిలిండర్లలోనూ కంప్రెషన్, అంటే పిస్టను గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, చూశాడు; ఆరూ బాగున్నాయి. యంత్రం బాగున్నప్పుడు ఇక మిగిలింది మనిషే. హారనును బస్సు దింపి, బస్సులు కడిగే షెడ్డులో పనికి పెట్టారు. శుక్రవారం విచారణ. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది. పోతుందనడంలో ఎవరికీ సందేహం లేదు. విచారణకు వెళ్లేలోగా పెద్ద వర్క్‌షాపు నుంచి ఎవరినైనా పిలిపించి ఇంజనును పరీక్ష చేయించామనిపించుకుంటే బాగుంటుందని డిపో మేనేజరుకు తోచింది. ఆ విధంగా గీతలమ్మ వచ్చింది.

పెద్ద వర్క్‌షాపులో ఆమె పని ఇంజన్లలోని ఒత్తిడిని కొలవడం. సెన్సరు పట్టుకున్న ఒత్తిడిని ఆసిలోస్కోపు తెర మీద గీతగా గీస్తుంది. ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది, ఎక్కడ తడబడింది, అన్నీ ఆ గీతలో ఉంటాయి. రోజంతా గీతలు చూస్తూ కూర్చుంటుంది కనుక గీతలమ్మ. ఆ పేరు ఆమెకు తెలుసు, అభ్యంతరమూ లేదు.

ఆమె పెట్టె తెరుస్తుంటే మేస్త్రీ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏంటమ్మా ఇది, ఈసీజీ మిషనా?"

"అలాంటిదేనండీ. ఈ గుండెకి ఆరు గదులు."

"బాగుంది. డాక్టరు మీరు, మంచం మీద బస్సు, జబ్బు మాత్రం డ్రైవరుకి." చుట్టూ ఉన్నవారు నవ్వారు. అతను దుర్మార్గుడు కాడు. తన గేజి తనకు చెప్పిన మాట నమ్మాడు, అంతే.

ఈ బస్సుకు ఇంజను వెనక ఉంటుంది. రెండు దారుల్లో దాన్ని అందుకోవచ్చు. వెనక తలుపు ఎత్తి నేల మీద నిలబడి పని చేయవచ్చు. లేదా బస్సులోకి ఎక్కి, చివరి సీటు కింది మూత తీసి, పైనుంచి చేయి పెట్టవచ్చు. ఆమె వెనక నిలబడింది. మేస్త్రీ బస్సెక్కి మూత తీసి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె పొగ గొట్టం చివర ఒక సెన్సరు అమర్చి, తీగలో కరెంటు వచ్చినప్పుడల్లా గుర్తు పెట్టే ఒక క్లాంపు పైకి అందించింది. "దీన్ని మొదటి సిలిండరు ఇంజెక్టరు తీగకి పెట్టండి. ఏ అల ఎవరిదో తెలియాలంటే లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియాలి."

"పెట్టేశానమ్మా," అని పైనుంచి గొంతు వినబడింది.

ఇంజను స్టార్టయింది. తెర మీద అలలు పరుగెత్తాయి. ఆరు సిలిండర్లు వంతులవారీగా వదిలే పొగ ఆరు అలలు. ఆమె తెరను ఆపి, క్లాంపు చూపిన గుర్తు నుంచి వరసగా లెక్కపెట్టింది. అయిదు అలలు ఒకే ఎత్తున ఉన్నాయి. ఒకటి పొట్టిగా ఉంది. ఇంజను తిరిగినంతసేపూ అదే స్థానంలో పొట్టిగా ఉంది. సిలిండర్లు మండే క్రమాన్ని బట్టి ఆ స్థానం అయిదవ సిలిండరుది. ఆమెకు పని సులువైపోయిందనిపించింది. ఆమె అనుభవంలో అలా అనిపించడం అంత మంచి సూచన కాదు, అయినా అనిపించింది.

మర్నాడు మేస్త్రీ దారిలో ఆగిపోయిన మరో బస్సు కోసం వెళ్లాడు. ఆమె ఇద్దరు ఫిట్టర్లను వెంటబెట్టుకుని, వెనక తలుపు దగ్గర నిలబడి, ఇంజను బెల్టు తిప్పే పుల్లీ చక్రం పక్క నుంచి ఒకటి, రెండు అని వేలు పెట్టి లెక్కించి, అయిదవ సిలిండరులో డీజిలు చిమ్మే ఇంజెక్టరును విప్పించింది. విప్పడానికే మధ్యాహ్నమైంది. ఆ రంధ్రంలో అడాప్టరు బిగించి, దాని మీద ఒత్తిడి సెన్సరు పెట్టి, తీగను స్కోపుకు కలిపి, ఇంజనును తిప్పమంది.

గీత వచ్చింది. పిస్టను పైకి వచ్చినప్పుడు నిటారుగా ఒక కొండ. కొండ దిగాక, పొగ బయటికి పోయే వేళలో, చదునైన నేల. ఆపైన గాలి పీల్చుకునేటప్పుడు చిన్న పల్లం. మళ్లీ కొండ. శిక్షణకు వచ్చినవారికి చూపించదగినంత శుభ్రమైన గీత.

ఆమె సెన్సరు మార్చింది. తీగ మార్చింది. స్కోపు కొలమానం పెంచి చూసింది, తగ్గించి చూసింది. ఆరోగ్యంగా ఉన్న సిలిండరు ఎన్నిసార్లు అడిగినా ఆరోగ్యంగానే ఉంటుంది. అయితే నిన్నటి పొట్టి అల ఎవరిది? పొగ గొట్టంలో తప్పు కనబడుతోంది, సిలిండరులో కనబడడం లేదు. ఇది ఎలా సాధ్యం? పొగ దారిలో ఉన్న టర్బో గుండా వచ్చేటప్పుడు అల చెదిరిందా? చెదిరితే ప్రతిసారీ ఒకే చోట చెదురుతుందా? ఆమె బల్ల మీద కూర్చుని, చేతిలోని గుడ్డతో అప్పటికే శుభ్రంగా ఉన్న స్పానరును చాలాసేపు తుడిచింది.

మేనేజరు గది గుమ్మం దగ్గర నిలబడి పిలిచాడు. "ఏమైందమ్మా?"

"అయిదో సిలిండరులో తప్పేమీ కనబడలేదండీ. కానీ..."

"ఇంజనులో తప్పు లేదు. అంతేగా?"

కనబడలేదన్న మాటకూ, లేదన్న మాటకూ నడుమ ఎంత దూరం ఉందో ఆమెకు తెలుసు. ఆ దూరం చెప్పడానికి నోరు తెరిచింది. లోపల ఫోను మోగింది. మేనేజరు చేయెత్తి, "సరే సరే, శుక్రవారానికి ఇది చాలు," అని లోపలికి వెళ్లిపోయాడు. ఫోను అయ్యేదాకా ఆమె అక్కడే నిలబడి చెప్పవచ్చు. నిలబడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు ఆరిన దుప్పట్లు మంచం మీద కుప్పపోసుకుని, మడతపెట్టడానికి రెండో మనిషి కోసం చూస్తోంది.

"వచ్చావా, ఆ కొస పట్టుకో. ఇంతకీ దొంగ ఆయనేనని మిషను కూడా చెప్పేసిందటగా?"

"ఎవరన్నారు అత్తయ్యా?"

"పాల బూత్ దగ్గర అనుకుంటున్నారు."

గీతలమ్మ డిపో నుంచి తిన్నగా ఇంటికే వచ్చింది. ఆ మాట ఆమెకంటే ముందు బస్సు ఎక్కి వచ్చినట్టుంది.

"మిషను ఏమీ చెప్పలేదు. ఒక సిలిండరులో తప్పు కనబడలేదని నేనన్నాను. అంతే."

"అదే కదా మరి!"

"అదెలా అవుతుందండీ? గీతలు డ్రైవర్ల గురించి ఏమీ చెప్పవు."

"నువ్వు చెప్పకపోతే అంతమంది ఎందుకంటారు? నేను ఆ బస్సులోనే తిరుగుతాను. ఆయన నాకోసం ఆపి, ఎక్కి కూర్చునేదాకా కదిలించడు. మంచివాడే పాపం." అత్తగారు దుప్పటిని ఒక్క విదిలింపు విదిలించింది. "మంచివాళ్లకే ఇలాంటి బుద్ధులు పుడతాయి. ఎటు లాగుతున్నావు? నీ వైపు కాదు, నా వైపు."

గీతలమ్మ కొస వదిలి మళ్లీ పట్టుకుంది. భోజనం చేస్తున్నంతసేపూ ఆ పొట్టి అల కళ్లముందు మెదులుతూనే ఉంది. ఒక యంత్రం ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్పదు. చెప్పిందంటే ప్రశ్నలు రెండై ఉండాలి. ఎక్కడ రెండయ్యాయో ఆమెకు తోచలేదు.

మర్నాడు డిపోకు వెళ్తూ కడిగే షెడ్డు మీదుగా నడిచింది. హారను ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, పొడుగాటి బ్రష్షుతో ఒక బస్సు పక్క రేకును రుద్దుతున్నాడు. రుద్దిన చోట మళ్లీ రుద్దుతున్నాడు. ఆమెను చూసి గొట్టం కట్టేశాడు.

"మీరేనటగా అమ్మా, పరీక్ష చేసింది."

"ఇంకా అవలేదండీ," అంది. అప్పటిదాకా ఆ సంగతి ఆమెకే రూఢిగా తెలియదు. "బస్సు నడుపుతుంటే తేడా ఏమైనా తెలిసేదా?"

"ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడేది. చెప్పాను. చూశారు, బాగుందన్నారు. బాగుందన్నాక ఇంకేం చెప్తాం? నా కాలే బరువెక్కిందేమో అనుకున్నా." బ్రష్షు కర్రను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "అందరూ ఒకటే మాట అంటుంటే నాకే అనుమానం వస్తోందమ్మా. నిద్రలో లేచివెళ్లి అమ్ముకొస్తున్నానేమో అని మా ఆవిణ్ణి అడిగా."

"ఏమన్నారావిడ?"

"మెలకువగా ఉండి మంచినీళ్లే తెచ్చుకోరు, నిద్రలో లేచి డీజిలేం అమ్ముతారు అంది." అతను నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు. గొట్టం విప్పి, చక్రం మీదికి నీళ్లు కొట్టసాగాడు.

ఆమె బస్సు దగ్గరకు వెళ్లేసరికి మేస్త్రీ లోపల ఉన్నాడు. విప్పిన ఇంజెక్టరును తిరిగి బిగించడానికి చివరి సీటు కింది మూత తీసి, తల లోపలికి పెట్టి చూస్తున్నాడు. ఆమె వెనక తలుపు ఎత్తింది. ఇంజనుకు అటు అతను, ఇటు ఆమె.

"మేస్త్రీ గారూ, ఒక్క మాట. మొన్న క్లాంపు మొదటి సిలిండరు తీగకే పెట్టారు కదా?"

"మొదటిదానికేనమ్మా. ముందుదానికి."

"ముందుదంటే పుల్లీ పక్కనుండేదేగా?"

"పుల్లీ వెనకుంటుంది కదమ్మా."

"పుల్లీ ముందుంటుందండీ."

"ఎక్కడ ముందు? మీ ఎదురుగానేగా ఉంది, మీరేమో బస్సు వెనక నిలబడ్డారు!"

"నేను బస్సు సంగతి కాదు, ఇంజను సంగతి అడుగుతున్నా."

"ఇంజను బస్సులోనే కదా ఉంది!"

పక్కన బ్యాటరీ మోస్తున్న ఫిట్టరు ఆగి, దాన్ని కింద పెట్టి నిలబడ్డాడు. ఇలాంటివి రోజూ దొరకవు.

"సరే, ముందంటే ఎటో వేలు పెట్టి చూపించండి," అంది గీతలమ్మ.

మేస్త్రీ భుజం మీదుగా వేలు వెనక్కి తిప్పి, బస్సు ఆ చివర ఉన్న డ్రైవరు సీటు వైపు చూపించాడు. ఆమె పుల్లీకి ఎదురుగా, తాను నిలబడి ఉన్న వైపు చూపించింది. రెండు వేళ్లూ రెండు దిక్కులకు తిరిగి ఉన్నాయి. మేస్త్రీ తన వేలు చూసుకున్నాడు, ఆమె వేలు చూశాడు, మధ్యనున్న ఇంజనును చూశాడు.

ఆ డిపోలో పాత బస్సులన్నిటికీ ఇంజను డ్రైవరు పక్కన ఉండేది. పుల్లీ ముందుకు చూసేది. బస్సుకు ముందు ఏదో ఇంజనుకూ అదే ముందు. కొత్త బస్సుల్లో ఇంజను వెనక్కి వెళ్లి, ముఖం బస్సు వెనక వైపుకు తిప్పుకుని కూర్చుంది. ఇంజను తిరిగింది కానీ మాట తిరగలేదు. డిపోలో ముందంటే ఈనాటికీ డ్రైవరు సీటే. అందరూ ఒకే తప్పు లెక్క లెక్కిస్తారు కనుక ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఆమె బల్ల మీద సుద్దముక్కతో ఆరు గళ్లు గీసింది. మేస్త్రీ దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. అతని మొదటిది ఆమె ఆరవది. అతని క్లాంపు నుంచి లెక్కిస్తే పొట్టి అల అయిదవదానిది. అంటే అతని అయిదవది, పుల్లీ పక్క నుంచి రెండవది. ఆమె విప్పించింది తన అయిదవది.

"అంటే, మీరు లేకుండా మేమే విప్పుంటే..."

"సరైనదే విప్పేవారు," అంది ఆమె. "క్లాంపు కూడా నేనే పెట్టుకుని ఉంటే నేనూ సరైనదే విప్పేదాన్ని. మీ లెక్కకు మీరు సరి, నా లెక్కకు నేను సరి. కలిసి చేయడం వల్ల తప్పయింది."

"మా ఇంట్లోనూ అంతేనమ్మా," అన్నాడు మేస్త్రీ. ఫిట్టరు నవ్వు ఆపుకుంటూ బ్యాటరీ ఎత్తుకున్నాడు.

పుల్లీ పక్క నుంచి రెండవ సిలిండరును విప్పారు. ఈసారి మేస్త్రీ తానే విప్పాడు. ఏ ఇంజెక్టరు మీద చేయి వేసినా, "ఇదేనా?" అని అడిగాడు. సెన్సరు బిగించి ఇంజను తిప్పారు. గీత వచ్చింది. కొండ నిటారుగా, నిన్నటి సిలిండరు కొండ ఎత్తునే ఉంది. కొండ దిగాక, చదునుగా ఉండవలసిన నేల మీద ఒక గుట్ట లేచింది. తిరిగిన ప్రతిసారీ లేచింది.

"ఇదేంటి?" అన్నాడు మేస్త్రీ.

"పొగ బయటికి పోవాల్సిన వేళ. పిస్టను పైకి తోస్తోంది, వాల్వు చాలినంత తెరుచుకోవడం లేదు. లోపలే నలుగుతోంది. పాత పొగ సగం లోపలే ఉంటే కొత్త గాలికి చోటేదీ? తక్కిన అయిదూ దీని బరువు కూడా మొయ్యాలి."

మేస్త్రీ వెంటనే వాల్వుల మీది రాకరు మూత విప్పించి, డయల్ గేజి పెట్టి, ఇంజనును చేత్తో తిప్పించాడు. పొగ వదిలే తక్కిన ఎగ్జాస్టు వాల్వులు దిగినంతలో ఆ వాల్వు సగం కూడా దిగడం లేదు. దాన్ని తోసే కామ్ అరిగిపోయింది. అతను ముల్లును చాలాసేపు చూశాడు.

"అయితే ఆ రోజు నా గేజి అబద్ధం చెప్పిందంటారా?"

"లేదండీ. మీరడిగింది కొండ ఎత్తెంత అని. అది నిజమే చెప్పింది."

మేనేజరు ఇద్దరి మాటా విన్నాడు. విన్నంతసేపూ పేపరువెయిటును తిప్పుతూ ఉన్నాడు.

"నిన్న తప్పు లేదన్నారు. ఇవాళ ఉందంటున్నారు. రేపేమంటారమ్మా?"

"నిన్న నేను చూసింది వేరే సిలిండరు. తప్పు నాది. అయినా లేదని నేననలేదండీ, కనబడలేదన్నాను. మీరు లేదన్నప్పుడు కాదని చెప్పకపోవడం కూడా నా తప్పే."

"సరే. ఇంజనుకి జబ్బుందనుకుందాం. అంతమాత్రాన మనిషి దొంగ కాకుండా పోతాడా? రెండూ ఉండొచ్చుగా?"

ఆ మాటలో తర్కదోషం లేదు; అదే ఆమెను తికమక పెట్టింది. ఇంజనులోని గుట్ట ఇంజను గురించే చెబుతుంది. రాళ్ల మిల్లు వెనక ఎవరూ లేరని ఏ సెన్సరు చెబుతుంది? నిన్న సాయంత్రం గీతలు డ్రైవర్ల గురించి ఏమీ చెప్పవని అన్నది తానే. ఆ మాట రెండు వైపులా కోస్తుందని అప్పుడు తోచలేదు. చివరికి ఒక ప్రశ్న తట్టింది. ఎంత చిన్న ప్రశ్న అంటే, అడగడానికి సిగ్గేసింది.

"ఆయన లేకుండా ఆ బస్సు ఒక్కరోజైనా తిరిగిందాండీ?"

మేనేజరు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ ఫ్యాను వైపు చూశాడు. హారను సెలవు పెట్టిన రోజుల్లో ఆ బస్సును కూడా షెడ్డులో పెట్టి వేరేది పంపేవారు. అతన్ని దింపిన నాడే బస్సునూ ఆపేశారు.

"ఎందుకు తిప్పలేదు?"

"దొంగ దొరికాక ఇంకా తిప్పడమెందుకమ్మా?" అన్నాడు మేనేజరు. అన్నాక ఆ మాట తన చెవికే ఎలా వినబడిందో, పేపరువెయిటును తిప్పడం ఆపి బల్ల మీద నిలబెట్టాడు.

విచారణ ముందురోజు ఉదయం బస్సును తిప్పారు. ఇంజెక్టర్లు బిగించారు, అరిగిన కామ్‌ను అలాగే ఉంచారు. ట్యాంకును గొంతుదాకా నింపి, మూతకు తీగ చుట్టి, మేనేజరు తన చేత్తో సీసపు సీలు నొక్కాడు. నడపడానికి వేరే డ్రైవర్లు జంకితే మేస్త్రీయే స్టీరింగు పట్టాడు. మేనేజరు అతని వెనక సీటులో కూర్చున్నాడు. గీతలమ్మ చివరి సీటులో, ఇంజను మీద, కాళ్ల కింద వేడి తగులుతుండగా కూర్చుంది. పరీక్ష అని ప్రయాణికులకు చెప్పలేదు. రోజూ ఎక్కేవారే ఎక్కారు, దిగేవారే దిగారు. "హారను ఏడి? పట్టేశారా?" అని ఒకాయన మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ గేరు మార్చాడు. రాళ్ల మిల్లు దగ్గర మేనేజరు కిటికీలోంచి మెడ చాచి మిల్లు వెనక్కి చూశాడు. అక్కడ గోడ ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు బస్సు ఆయాసపడింది. మేస్త్రీ కాలు కిందికి అదిమాడు, ఇంకా అదిమాడు, అద్దంలో ఒకసారి ఆమె కళ్లలోకి చూసి తల తిప్పుకున్నాడు.

ఎన్ని రాకపోకలు చేయాలో అన్నీ చేసి, సాయంత్రం పంపు దగ్గరకు తెచ్చి ఆపారు. పంపు దగ్గర మామూలు కంటే జనం ఎక్కువగా ఉన్నారు. ఎవరూ పని మీద వచ్చినట్టు లేరు. మేనేజరు వంగి సీలును వేలితో తిప్పి చూశాడు. తీగ తెగలేదు. అతనే దాన్ని కత్తిరించి మూత విప్పాడు. పంపు మీటరు తిరగడం మొదలుపెట్టింది. అంతకుముందు నింపిన బస్సుకు ఆగిన అంకెను దాటింది. ఎవరో "మీటరు సరిగ్గానే ఉందా?" అన్నారు. మీటరు ఇంకా తిరిగి, ట్యాంకు గొంతులో డీజిలు కనబడ్డాక ఆగింది.

ఇది మొదటి రోజే చేయవలసిన పని అని గీతలమ్మ అనుకుంది. దీనికి స్కోపు అక్కర్లేదు, గీతలు అక్కర్లేదు, తాను కూడా అక్కర్లేదు.

ట్యాంకు సీలు తెగలేదు. హారను ఉదయం నుంచీ కడిగే షెడ్డులోనే ఉన్నాడు. బస్సుకు మాత్రం బకెట్టెడు డీజిలు ఎక్కువే పట్టింది.